చీరకు ‘సస్టెయినబుల్’ ట్యాగు కట్టే ముందు ఏమేం చూసుకోవాలి? బంజారాహిల్స్ షాపు

కొంగుబంగారం:

అందరికీ నమస్కారం. బంజారాహిల్స్‌లో 1,100 చదరపు అడుగుల షాపు. పోచంపల్లి ఇక్కత్, గద్వాల, కొంత కంచి పట్టు, మగ్గం వర్క్ బ్లౌజులు, కొద్దిగా పెళ్లి లెహంగాలు. ధరలు 18 వేల నుంచి రెండు లక్షల దాకా. దసరాకి 40 చీరలతో ఒక ప్రత్యేక వరుస పెట్టి, ‘సస్టెయినబుల్ లగ్జరీ’ అని బోర్డూ ట్యాగులూ వేద్దామని ఆలోచన.

ఈ ధరలో కొనేవాళ్లు ఊరికే నమ్మరు. రంగు ఏంటి, పట్టుపురుగుల్ని చంపారా, నేతన్నకి ఎంత ముట్టింది, అన్నీ అడుగుతారు. జవాబు చెప్పలేక నీళ్లు నమలడం ఇష్టం లేదు. ఏ సర్టిఫికెట్ దేనికి పనికొస్తుంది? సహజ రంగుల చీరలు తెచ్చి పెడితే రంగు పోతోందని వెనక్కి రాకుండా ఏం చేయాలి? ప్యాకింగ్, షాపు లైట్లు, మిగిలిపోయిన సరుకు సంగతేంటి? సుమారు 3 లక్షలు పెట్టగలం. దేని మీద ముందు పెట్టాలో చెప్పండి.

లేబుల్‌లెక్క:

అండీ, సరుకు చేతికి రాకముందే బోర్డు రాయించుకోవడం ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు అవుతుంది. ముందు ఆ మాట సంగతి చూద్దాం.

కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2024 అక్టోబరులో గ్రీన్‌వాషింగ్ మీద మార్గదర్శకాలు తెచ్చింది. ‘సస్టెయినబుల్’, ‘ఎకో ఫ్రెండ్లీ’, ‘గ్రీన్’, ‘నేచురల్’ లాంటి మాటలు ఒంటరిగా వాడకూడదు. దేని విషయంలో, ఎంతవరకు అనే వివరణ పక్కనే ఉండాలి, దానికి ఆధారం మీ దగ్గర ఉండాలి. వివరాలు ట్యాగులో పట్టకపోతే క్యూఆర్ కోడ్ పెట్టుకోవచ్చు. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటనకి మొదటిసారి 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా పడొచ్చు. ఇన్‌స్టాగ్రామ్ పోస్టు కూడా ప్రకటనే.

అందుకే ‘మా షాపు సస్టెయినబుల్’ అనే బోర్డు మానేయండి. ఏ మాటైనా షాపు మీద కాదు, చీర మీద, ఇంకా కచ్చితంగా చెప్పాలంటే ఆ చీర వచ్చిన లాటు మీద రాయాలి. నిరూపించగలిగింది అంతవరకే.

ఇక ముద్రలు. ఒక్కొక్కటి ఒక్క ప్రశ్నకే జవాబు చెబుతుంది, షాపుల్లో ఎక్కువ గందరగోళం ఇక్కడే. సిల్క్ మార్క్ 2004 నుంచి ఉంది, కేంద్ర పట్టు మండలి ఆధ్వర్యంలోది. అది స్వచ్ఛమైన పట్టు అని మాత్రమే చెబుతుంది. చేమగ్గమా, మరమగ్గమా, ఏం రంగు వాడారు అన్నది దానికి సంబంధం లేదు. హ్యాండ్‌లూమ్ మార్క్ చేతినేత అని చెబుతుంది, రంగు గురించి మాట్లాడదు. జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు (పోచంపల్లి ఇక్కత్‌కి 2005లో, నూనె పట్టించిన నూలుతో నేసే తేలియా రుమాలుకి 2020లో వచ్చింది) ఊరు, పద్ధతి గురించి. ఓకో‌టెక్స్ స్టాండర్డ్ 100 అంటే ఒంటికి తగిలే బట్టలో హానికర రసాయనాలు పరిమితి లోపు ఉన్నాయని. సర్టిఫికెట్ ఏడాదే చెల్లుతుంది, తేదీ చూడండి. గాట్స్ అనే అంతర్జాతీయ ముద్ర సేంద్రియ నూలుకి. 95 శాతం పైన ఉంటేనే ‘ఆర్గానిక్’, 70 దాటితే ‘సేంద్రియ నూలుతో చేసినది’ అనాలి. పైగా ఆ గొలుసులో జిన్నింగ్ నుంచి కుట్టు దాకా ప్రతి మెట్టూ సర్టిఫై అయి ఉండాలి. నూలు ఒక్కటే గాట్స్ అయితే చీర గాట్స్ కాదు. పోచంపల్లిలో ఇంటి మగ్గం మీద నేసిన చీరకి ఇది సాధారణంగా కుదరదు. దాని కోసం డబ్బు పెట్టకండి.

చిటికి:

అక్కా, పైన అన్న చెప్పింది కాయితాల సంగతి. నేను మగ్గం సంగతి చెప్త.

మొదలు ఒక లాటు పుస్తకం వెట్టున్రి. 200 పేజీల రిజిస్టర్ సాలు, యాప్ అక్కర్లేదు. ఒక్కో పడుగుకి (మగ్గం మీద ఎక్కిచ్చే నిలువు పోగులు) ఒక నంబర్. నూలు ఎక్కడిది, ఎంత తూకం ఇచ్చిన్రు, రంగు ఎవరు అద్దిన్రు, చిటికి (రంగు అద్దే ముందు పోగుల మీద కట్టే కట్లు) ఎవరు కట్టిన్రు, నేసింది ఎవరు, మగ్గం మీదికి ఎప్పుడు ఎక్కింది, ఎప్పుడు దిగింది, కూలి ఎంత, ఎప్పుడు ఇచ్చిన్రు. గీ తొమ్మిది గడులు నిండితేనే ఆ చీరకి ట్యాగు. ఒక్క గడి ఖాళీ ఉన్నా మామూలు ర్యాకులకి పోవాలె.

ఇంకోటి, ఆర్డర్ చీరల లెక్కన గాదు, పడుగుల లెక్కన ఇయ్యాలె. ఇక్కత్‌ల ఒక చీర కోసం పడుగు ఎక్కియ్యరు, ఒక్క పడుగు మీద కొన్ని చీరలు దిగుతయి. ఎన్ని అన్నది డిజైన్‌ను బట్టి, నేతాయనను అడగాలె. గవన్నీ ఒక్క తీరుగ ఉంటే మీ షాపుల మూడు అమ్ముడువోయి మిగిలినయి కూసుంటయి. పడుగు అదే ఉంచి, పేక (అడ్డం పోగులు) రంగు మార్పిస్తే ఒక్కో చీర ఒక్కో తీరుగ కనబడ్తది. పనికి పని తగ్గుతది, సరుకు మిగలది. డబుల్ ఇక్కత్‌ల మాత్రం గిది నడువది. పడుగు బొమ్మ, పేక బొమ్మ ఒకదాని మీద ఒకటి కూసోవాలె గద.

పైసల ముచ్చట. సగం అడ్వాన్స్ నూలు కొనెటప్పుడే ఇయ్యాలె, మిగిలింది చీర దిగిన నాడు. ‘అమ్ముడువోయినంక ఇస్త’ అనేది బంద్ వెట్టాలె. చిన్న మచ్చ ఉంటే కూలిల కోత కొయ్యుడు గూడ బంద్. ఏది తప్పు, ఏది చేతిపని గుణం అన్నది ముందుగాలనే రాసుకోవాలె. గీత అంచుల ఈక లెక్క చెదిరినట్టు ఉండుడు ఇక్కత్ గుణం, తప్పు గాదు. పేక పోగు తెగి కాళ్లు వడ్డట్టు సందు కనబడితే గది తప్పు.

దొంగ ఇక్కత్ పట్టుకునే తీరు గూడ మీ సేల్స్ పిల్లలకి నేర్పున్రి. చీర తిరగేసి చూస్తే రంగు రెండు దిక్కుల ఒక్క తీరే ఉండాలె. కొంగు చివర నుంచి ఒక పోగు గుంజి చూడున్రి. ఇక్కత్ అయితే ఆ ఒక్క పోగు మీదనే ఎరుపు, తెలుపు, నలుపు ముక్కలు ముక్కలుగ కనబడ్తయి, లోపలి దాక రంగు ఎక్కి ఉంటది. ప్రింట్ అయితే ఒక దిక్కు ముదురు, ఇంకో దిక్కు వెలిసినట్టు ఉంటది. చీరలు 1985 రిజర్వేషన్ చట్టం కింద చేమగ్గానికి వదిలిన జాబితాల ఉన్నయి, అయినా మరమగ్గం నకళ్లు బజారు నిండ ఉన్నయి.

కాలుష్యం లేని పని అంటే మనుషుల నడుములు గూడ లెక్కల వెట్టుకోవాలె. చిటికి కట్టే ముందు ఆసు పోసుడు (పోగును మేకుల సుట్టు తిప్పుడు) ఉంటది, ఒక్క చీరకి వేల సార్లు చెయ్యి అటు ఇటు ఆడాలె, ఇంట్ల ఆడోళ్లే చేసేటోళ్లు. చింతకింది మల్లేశం చేసిన లక్ష్మీ ఆసు మిషన్ గందుకే వచ్చింది, 2017ల పద్మశ్రీ గూడ ఇచ్చిన్రు. మీరు సరుకు తెచ్చే ఇండ్లల్ల ఆ మిషన్ ఉన్నదా లేదా అడుగున్రి. ‘అంత చేత్తోనే’ అని గొప్పగ రాసుకునుడు కన్న గిది అడుగుడు మంచిది.

లేబుల్‌లెక్క:

చిటికి గారు చెప్పిన చెల్లింపు సంగతికి ఒక చట్టం తోడుంది. సరుకు తయారు చేసేవారు కేంద్ర ప్రభుత్వ నమోదు పోర్టల్ ఉద్యమ్‌లో సూక్ష్మ, చిన్న పరిశ్రమగా నమోదై ఉంటే, రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో, ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో డబ్బు ఇవ్వాలి. గడువు దాటితే ఆదాయపు పన్నులో ఆ ఖర్చు ఆ ఏడాది లెక్కలోకి రాదు, చెల్లించిన ఏడాదే వస్తుంది. మధ్యలో వ్యాపారి దగ్గర కొంటే ఇది వర్తించదు. నేసే సంఘం దగ్గర నేరుగా కొంటేనే.

రంగుబాన:

రంగు పోతోందని వెనక్కి వచ్చే చీరల గురించి అడిగారు. తప్పు ఎక్కువసార్లు చెట్టుది కాదు, తొందరది. కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే మీ 40 చీరల పరువు దీని మీదే ఉంది.

పట్టుకి పటిక పట్టించడం దగ్గర మొదలు. గమ్ తీసిన పట్టు నూలు కిలోకి 150 గ్రాముల పటిక, 30 నుంచి 40 లీటర్ల నీళ్లు. పటికను వేడినీళ్లలో పూర్తిగా కరిగించి కలపాలి, అడుగున పలుకు మిగిలితే అక్కడ మచ్చ పడుతుంది. 60 డిగ్రీల దాకా మెల్లగా వేడెక్కించి గంట ఉంచి, పొయ్యి ఆపేసి రాత్రంతా అందులోనే చల్లారనివ్వాలి. ఈ రాత్రి నానబెట్టడాన్నే చాలామంది ఎగ్గొడతారు. అప్పుడు పటిక సరిగా పట్టదు, రంగు పైపైన నిలుస్తుంది, మొదటి ఉతుకులో పోతుంది. నీళ్లు మరిగితే పట్టు మెరుపు చస్తుంది, 85 దాటనివ్వకూడదు. నూలు చీర అయితే పటికకి ముందు కరక్కాయ తప్పదు, కిలోకి 150 నుంచి 200 గ్రాములు. పట్టుకి అది అక్కర్లేదు, పెడితే పసుపు ఛాయ తిరుగుతుంది.

మంజిష్ఠ వేరుతో వచ్చే ఎరుపు 70 డిగ్రీలు దాటితే ఇటుక రంగులోకి, గోధుమలోకి జారుతుంది. నీళ్లలో సున్నం ఉంటే దానికి మంచిదే, ఎరుపు తేరుతుంది. ఇనుము ఉన్న బోరు నీళ్లయితే ఏ రంగైనా మురికి పట్టినట్టు అవుతుంది. అద్దకం చేసే చోట నీళ్లు ఎక్కడివో లాటు పుస్తకంలో రాయించండి. రెండో లాటుకి రంగు తేడా వస్తే కారణం సగం సార్లు అక్కడే దొరుకుతుంది.

నలుపు, బూడిద రంగు కోసం అన్నభేది (ఇనుము లవణం) వేస్తారు. కిలోకి 20, 30 గ్రాములు మించకూడదు, పది పదిహేను నిమిషాలకు తీసి జాడించాలి. ‘ఇంకా నల్లగా’ అని ఎక్కువ వేస్తే కొన్నాళ్లకి పట్టు పెళుసుబారి మడతల దగ్గర చీలుతుంది. అది షాపులో తెలియదు, నాలుగేళ్ల తర్వాత బీరువాలో తెలుస్తుంది. రెండు లక్షల చీర అమ్మేవాళ్లకి ఇంతకంటే పెద్ద ప్రమాదం లేదు. మైలుతుత్తం (రాగి లవణం), క్రోమ్ పెట్టి స్థిరపరిచిన రంగుని ‘సహజం’ అని అమ్మేవాళ్లున్నారు. రంగు చెట్టుదే కావచ్చు, బాన అడుగున మిగిలే నీళ్లు విషమే. మోర్డెంట్, అంటే రంగు పట్టించడానికి వాడింది, ఏంటి అని అడగండి. పటిక, అన్నభేది, కరక్కాయ కాకుండా వేరే పేరు చెప్పినా, పేరే చెప్పకపోయినా ఆ లాటు వద్దు.

నీలిమందు వేరే కథ. దానికి పటిక అక్కర్లేదు. బానలో ముంచి తీశాక గాలి తగిలి నీలం అవుతుంది. ముదురు రంగు కోసం చిక్కటి బానలో ఒక్కసారి ఎక్కువసేపు ముంచితే నీలం పోగు లోపలికి పోకుండా పైన పొడిలా కూర్చుంటుంది. అదే చేతికి, లోపలి లంగాకి, కారు సీటుకి అంటుకునేది. పలుచటి బానలో ఆరేడు సార్లు, ఒక్కోసారి రెండు మూడు నిమిషాలు ముంచి, మధ్యలో పది పదిహేను నిమిషాలు గాలికి ఆరేయాలి. చివర కాస్త వెనిగర్ నీళ్లలో ముంచి సున్నం విరిచి, తటస్థ సబ్బుతో నీళ్లు తేటగా వచ్చేదాకా ఉతకాలి. సున్నం, బెల్లం బాన నూలుకి హాయి. పట్టుకి ఆ క్షారం ఎక్కువసేపు తగిలితే పోగు గరుకెక్కుతుంది.

పసుపుతో అద్దిన పసుపు ఎండకి నిలవదు. ఎవరు ఏం చెప్పినా నిలవదు. పసుపు ఛాయ కావాలంటే దానిమ్మ తొక్క.

ఇప్పుడు షాపులో మీరే చేసుకునే పరీక్ష. తెల్లటి ఉతికిన మల్లు గుడ్డ అరచేతంత తీసుకోండి. పొడిగా, వేలికి చుట్టి, చీరలో ముదురు రంగు ఉన్నచోట గట్టిగా ఒత్తుతూ పదిసార్లు ముందుకీ వెనక్కీ రుద్దండి. ఇంకో ముక్క తడిపి, పిండి, మరోచోట మళ్లీ పదిసార్లు. రెండు ముక్కల మీదా లాటు నంబర్ రాసి పుస్తకానికి పిన్ చేయండి. పొడి గుడ్డకి దాదాపు ఏమీ అంటకూడదు. తడి గుడ్డకి ముదురు నీలం, నలుపు కొద్దిగా అంటితే పర్వాలేదు, గుడ్డే నీలం అయిపోతే వెనక్కి పంపండి. ప్రయోగశాలలో చేయిస్తే దీన్నే ఐఎస్ఓ 105 ఎక్స్12 అంటారు. ఒకటి నుంచి ఐదు దాకా గ్రేడు, పొడికి 4, తడికి 3 అడగండి. వెలుతురుకి 105 బీ02, దానికి ఎనిమిది దాకా గ్రేడు, 4 కంటే తక్కువ వస్తే ఆ చీర అద్దాల కిటికీలో పెట్టకూడదు. చెమటకి 105 ఈ04. బ్లౌజు ముక్కకి ఇది తప్పనిసరి, చంక దగ్గరే గొడవ వచ్చేది. ప్రతి చీరకీ అక్కర్లేదు, ప్రతి అద్దకపు లాటుకి ఒకటి. మీ 3 లక్షల్లో మొదటి ఖర్చు ఇదే.

కొంగుబంగారం:

ఇంత వివరంగా చెబుతారనుకోలేదు, అందరికీ థాంక్స్ అండీ. మరో మూడు. అహింసా పట్టు పెడితే ఈ వరుసకి మంచి పేరు వస్తుందా? జరీ మాటేంటి, అసలు జరీ అంటే పర్యావరణానికి మంచిదనా, చెడ్డదనా? ఇంకా షాపు, ప్యాకింగ్ గురించి ఎవరూ చెప్పలేదు.

రంగుబాన:

అహింసా పట్టు మన హైదరాబాద్ పేరుతో ముడిపడ్డదే. ఆంధ్రప్రదేశ్ చేనేత సహకార సంస్థ ఆప్కోలో పనిచేసిన కుసుమ రాజయ్య గారు దానికి పేటెంట్ తీసుకున్నారు. మామూలు పట్టులో చిలక (రెక్కలొచ్చిన పట్టుపురుగు) బయటికి రాకముందే కాయను ఆవిరి పట్టి ఉడికిస్తారు, అప్పుడే దారం తెగకుండా వస్తుంది. మంచి కాయ నుంచి వెయ్యి మీటర్ల దాకా ఒకటే పోగు. అహింసలో చిలక తనంతట తాను కన్నం చేసుకుని వెళ్లిపోతుంది. పోగు ముక్కలవుతుంది, దాన్ని పత్తిలా వడకాలి. అందుకే మెరుపు తక్కువ, కాస్త నూగు, ధర ఎక్కువ. మెత్తగా బావుంటుంది, కానీ కంచి పట్టు తళుకు కోరి వచ్చినవాళ్లకి చూపిస్తే పెదవి విరుస్తారు.

పైగా అది ప్రాణహింస గురించి మాత్రమే. నీళ్లు, రంగు, కూలి గురించి అది ఏమీ చెప్పదు. నాసిరకం రంగు వేసిన అహింసా పట్టు కూడా అహింసా పట్టే. 40లో నాలుగైదు పెట్టండి, కోరి అడిగేవాళ్ల కోసం. వరుస మొత్తానికి దాన్ని ముఖచిత్రం చేయకండి.

చిటికి:

జరీ సంగతి నేను చెప్త అక్కా. మూడు తీర్లు. అసలు జరీ అంటే పట్టు పోగు మీద వెండి తీగ చుట్టి, పైన బంగారు పూత. బంగారం ఒక్క శాతం గూడ ఉండది, సగానికి మీద వెండే. రెండోది టెస్టెడ్ జరీ, రాగి తీగ మీద వెండి పూత. మూడోది ప్లాస్టిక్, పాలిస్టర్ పొర మీద లోహపు పూత, బజార్ల ఎక్కువ గిదే. కొంగు కుచ్చుల కాడ ఒక్క జరీ పోగు తీసి గోటితో తీగ విప్పున్రి. తీగ కింద పట్టు పోగు ఉండి, గీకితే తీగ తెల్లగ ఉంటే వెండి. ఎర్రగ తేలితే రాగి. తీగ విప్పుకోకుండ పొర లెక్క చినిగితే, నిప్పు చూపిస్తే ముద్ద అయితే ప్లాస్టిక్. నిక్కం కావాలంటే ఎక్స్ఆర్ఎఫ్ మిషన్ (ఏ లోహం ఎంత ఉన్నదో చెప్పేది) మీద చూపియ్యాలె.

ఏది మంచిది అంటే, గనుల నుంచి తీసిన వెండికి గూడ భారం ఉంటది. గాని అసలు జరీ చీర ముప్పై, నలభై ఏండ్లు నడుస్తది, ఆఖరికి వెండి తిరిగి వస్తది. ప్లాస్టిక్ జరీ నల్లవడది, గాని పట్టును ప్లాస్టిక్‌ను విడదీసుడు ఎవ్వని తరం గాదు. నా మాట అడిగితే ఈ వరుసల జరీ తక్కువ ఉన్న చీరలు, లేకుంటే అసలు జరీ. నడుమది వద్దు, రాగి నల్లవడంగనే చీరను బయట వడేస్తరు.

గల్లీలల్ల ‘పాత పట్టు చీరలు కొంటం’ అని తిరిగేటోళ్లు వెండి కోసమే కొంటరు. చీరను కాలవెట్టి వెండి తీస్తరు. మీ షాపులనే పాత చీర తెస్తే అంచు కొత్త ఒడలుకు (చీర నడిమి బట్ట) మార్చి ఇస్తం అని పెట్టున్రి. గద్వాలల ఒడలు నూలు, అంచు పట్టు. నూలు ముందు చినుగుతది, అంచు గట్టిగనే ఉంటది. గా అంచు తీసి కొత్త ఒడలుకు కుడితే ఇంకో ఇరవై ఏండ్లు.

నెమలికన్ను:

షాపు సంగతి నేను అందుకుంటాను. బట్టల భద్రత, డిస్‌ప్లే నాకు తెలిసిన పని.

మ్యూజియంలు బట్టల మీద 50 లక్స్ (వెలుతురు కొలత) కంటే ఎక్కువ వెలుతురు పడనివ్వవు. షోరూములో స్పాట్‌లైట్ కింద దానికి పదింతలు సులువుగా ఉంటుంది. సహజ రంగు చీర బొమ్మకి కట్టి నెలల తరబడి ఉంచితే మడత గీత దగ్గర ఒకవైపు వెలిసి, అది అమ్మకానికి పనికిరాదు. కిటికీలో ఏ చీరా 15 రోజులు దాటకూడదు. గాజుకి యూవీ ఫిల్మ్ వేయించండి. హాలోజన్లు ఉంటే తీసేసి 90 పైన సీఆర్ఐ (రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో చెప్పే అంకె) ఉన్న ఎల్‌ఈడీలు పెట్టండి, రంగు నిజంగా కనిపిస్తుంది, వేడీ తక్కువ. ట్రయల్ అద్దం దగ్గర మాత్రం పూర్తి వెలుతురు, మిగతా ర్యాకుల మీద సగం, మనిషి వస్తే వెలిగే సెన్సర్. ఏసీ 20లో నడుస్తుంటే 24కి తేండి, ఒక్కో డిగ్రీకి సుమారు 6 శాతం కరెంటు తగ్గుతుందని కేంద్ర ఇంధన పొదుపు సంస్థ బీఈఈ లెక్క. షాపు లోపలి పని పెద్దగా మార్చేటట్టయితే హరిత భవనాలకు రేటింగ్ ఇచ్చే ఐజీబీసీ కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది, ఇంటీరియర్స్‌కి వాళ్ల రేటింగ్ ఉంది. 1,100 అడుగులకి ఇప్పుడే అది అవసరమని నేననుకోను.

ప్యాకింగ్‌లో జనం మోసపోయేది ‘బట్ట సంచి’ దగ్గర. చిన్న చిన్న చుక్కలు అచ్చొత్తినట్టు కనిపించే ఆ నాన్‌వోవెన్ సంచి బట్ట కాదు, పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్. 60 జీఎస్ఎం (చదరపు మీటరుకి గ్రాములు) కంటే పల్చటివి నిషేధం. ప్లాస్టిక్ క్యారీబ్యాగులకి 2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్ల నిబంధన. అయస్కాంతం, ఫోమ్, మెరుపు ల్యామినేషన్ ఉన్న గట్టి గిఫ్ట్ పెట్టె చూడ్డానికి ఘనంగా ఉంటుంది, ఏ కబాడీవాడూ తీసుకోడు. దాని బదులు బ్లీచింగ్ లేని మల్లు గుడ్డతో 45 x 40 సెంటీమీటర్ల దారం సంచి కుట్టించండి. కుట్టే ముందు గుడ్డని వేడినీళ్లలో ఉతికి గంజి తీసేయాలి. గంజి ఉంటే వెండిపురుగులు (సిల్వర్ ఫిష్) వస్తాయి, చీరతో పాటు సంచినీ తింటాయి. ఆ సంచే బీరువాలో చీర కవరు. ప్లాస్టిక్ కవర్లో పట్టు పెడితే తేమ పట్టేసి జరీ నల్లబడుతుంది, కలరా ఉండలు జరీకి తగలకూడదు, మూడు నెలలకోసారి మడత మార్చాలి అని సంచి లోపల చిన్న కాగితం. కొరియర్‌కి మూడు పొరల అట్టపెట్టె, కాగితం టేపు. వానాకాలంలో పైన ఒక్క ప్లాస్టిక్ పొర వేయక తప్పదు, వేయండి. తడిసిన చీర కంటే అది నయం.

మరమ్మతు దగ్గర ఒక చిన్న పని పెద్ద ఫలితమిస్తుంది. ప్రతి చీరకీ ఒడలు పోగులు ఓ గుప్పెడు, అంచు పోగులు కొన్ని నేతన్న దగ్గరే అడిగి తీసుకుని, లాటు నంబర్‌తో కవర్లో దాచండి. రెండేళ్ల తర్వాత మేకు తగిలి చిరిగితే రఫూ చేసేవాడికి అదే రంగు పోగు కావాలి. బజార్లో దొరకదు. ఫాల్ కుట్టే ముందు నూలు ఫాల్‌ని రాత్రంతా నీళ్లలో నానబెట్టి ఆరేయాలి. లేకపోతే మొదటి ఉతుకులో ఫాల్ కుంచించుకుని పట్టు అడుగున ముడతలు పడుతుంది, ఆ నింద చీర మీద పడుతుంది.

డ్రై క్లీనింగ్ వాళ్లని ఏ ద్రావకం వాడతారో అడగండి. పెర్క్ అయితే వద్దు. క్యాన్సర్ కారకం కావచ్చని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్‌సీ ఎప్పుడో చెప్పింది, అమెరికాలో 2024 డిసెంబరులో దశలవారీగా ఆపేయాలని నిర్ణయించారు. లక్క ఎరుపు చీర సోడా ఉన్న సర్ఫులో పడితే ఊదా రంగుకి తిరుగుతుంది, అది కూడా కాగితంలో రాయండి.

మగ్గం వర్క్ బ్లౌజుల్లో చమ్కీలు ప్లాస్టిక్కే. జర్దోసీ తీగ, గాజు కట్‌దానా, దారం పని పెంచి చమ్కీ తగ్గిస్తే చాలు. పూర్తిగా మానేశామని చెప్పాలంటే నిజంగానే పూర్తిగా మానేసి ఉండాలి.

లేబుల్‌లెక్క:

మిగిలిన సరుకు సంగతి. బర్బెరీ 2017లో 2.86 కోట్ల పౌండ్ల విలువైన సరుకు నాశనం చేసిందని బయటపడి గొడవయ్యాక, 2018లో ఆ పద్ధతి ఆపేసింది. ఐరోపా సంఘం 2024లో తెచ్చిన ఎకోడిజైన్ నియమం ప్రకారం పెద్ద కంపెనీలు అమ్ముడుపోని బట్టలు, చెప్పులు నాశనం చేయడం 2026 జులై 19 నుంచి నిషేధం. మనకిక్కడ అది వర్తించదు. మీలాంటి షాపుకి చిటికి గారు చెప్పిన పడుగు లెక్కే మందు. డిస్కౌంట్ సేలు పెట్టి నేతన్న కూలి మీద ఆ నష్టం నెట్టకుండా ఉంటే చాలు.

కొంగుబంగారం:

ట్యాగు ఇలా రాశాను, చూడండి:

‘లాటు 7. పోచంపల్లి ఇక్కత్, చేమగ్గం. పడుగు, పేక మల్బరీ పట్టు. ఎరుపు మంజిష్ఠ, నీలం నీలిమందు, నలుపు రసాయన రంగు. అజో రహితం. జరీ లేదు. నేసినవారికి కూలి చీర దిగిన రోజే చెల్లించాం. జీవితకాలం ఉచిత మరమ్మతు.’

రంగుబాన:

నలుపు రసాయనం అని ఒప్పుకున్నారు, అక్కడే నమ్మకం కలుగుతుంది. ‘అజో రహితం’ కొట్టేయండి. అజో అనేది రసాయన రంగుల్లో ఒక పెద్ద రకం, అజో రంగులన్నీ నిషేధం కాదు. విడిపోయి కొన్ని హానికర అమైన్లు ఇచ్చేవే నిషేధం, ఐరోపాలో కిలోకి 30 మిల్లీగ్రాములు హద్దు. నలుపు లాటుకి ఐఎస్ఓ 14362-1 పరీక్ష చేయించి ‘నిషేధిత అమైన్లు పరీక్షలో కనబడలేదు’ అని రిపోర్టు నంబర్‌తో రాయండి. పరీక్ష కాకపోతే ఆ వాక్యమే వద్దు.

లేబుల్‌లెక్క:

‘జీవితకాలం’ ఎవరిది, చీరదా, షాపుదా? ‘కొన్న నాటి నుంచి ఐదేళ్లు, రఫూ, ఫాల్, కుచ్చులు ఉచితం’ అనండి.

చిటికి:

‘చీర దిగిన రోజే’ అని రాస్తే పుస్తకంల తారీఖులు గట్లనే ఉండాలె అక్కా. రెండు దినాలు అటు ఇటు అయితే ‘వారం లోపల’ అని రాయున్రి. ఇంకోటి, నేసినాయన ఒప్పుకుంటే పేరు గూడ వెట్టున్రి, చిటికి కట్టినామె పేరుతో సహా.